నా చేతి మీద రెండో మచ్చ

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న, పెందుర్తిలో మా ఇంట్లో నేను కూర తరుగుతుంటే ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, నా బావ. "అత్త పోయింది, రా" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

కన్నతల్లిని పట్టుకుని అత్త అంటాడేమిటని మీరు అనుకోవచ్చు. నలభై ఏళ్ల పైగా అతను ఆవిణ్ణి అలాగే పిలిచాడు. ఎందుకలా పిలిచాడో తెలిసినవాళ్లలో ఇప్పుడు అతనూ నేనే మిగిలాం. అతను చెప్పడు. అందుకని నేను చెబుతున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా అత్త గురించి ఒట్టి మంచే చెబితే ఆవిడ లేచొచ్చి నా నెత్తిన మొట్టికాయ వేస్తుంది. ఆవిడ మొట్టికాయ మామూలుగా ఉండేది కాదు. మధ్యవేలు మడిచి, కణుపు బయటికి పెట్టి, ఎక్కడ వేస్తే గంటసేపు నొప్పెడుతుందో చూసి మరీ వేసేది. దయ అనే పదార్థం ఆవిడలో ఉండేదేమో గానీ నాకు మాత్రం ఎప్పుడూ చేతికందలేదు. అయినా ఇవాళ రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నానంటే అందులో ఆవిడ చెయ్యి ఉంది. ఆవిడ నా మంచి కోరి చేసింది కాదది. అదే ఈ కథలో తమాషా.

డెబ్బైలలో మావి మల్కాపురం వెనక కళాసీల లైన్లు. మా నాన్న, అత్త మొగుడైన మా మావయ్య, ఇద్దరూ పోర్టులో కళాసీలు, అంటే ఓడల దగ్గర కూలీలు. సబ్బవరం దగ్గర పల్లె నుంచి ఒకేసారి వచ్చి పక్కపక్క గదుల్లో చేరారు. గాలి అటు నుంచి వీస్తే ఇనుప రాయి ధూళి వచ్చి ఆరేసిన బట్టలన్నీ ఎర్రబడేవి. అత్త గుమ్మంలో బాసింపట్టు వేసుకుని, చేటలో బియ్యం చెరుగుతూ, అడ్డచుట్ట కాలుస్తూ కూర్చునేది. అడ్డచుట్ట అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం. మా వైపు ఆడవాళ్లకి అది మామూలే. నోట్లో నిప్పు పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. ఎప్పుడైనా చుట్ట తీసి ఎర్రటి కొన బయటికి చూపించిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

ఆవిడకి మొదట ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. ఒకడు పురిట్లోనే. ఇంకొకడికి మశూచి టీకా వేసిన నాలుగో రోజున జ్వరం వచ్చి, వారం తిరక్కుండా పోయాడు. మూడోది విరేచనాలతో. ఆ రెండోవాడి జ్వరం టీకా వల్ల వచ్చిందో, అప్పుడు ఊరంతా ఉన్న విషజ్వరమో ఎవరికీ తెలీదు. అత్తకి మాత్రం తెలుసు. "సూదే సంపేసింది" అనేది. ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

నాలుగోవాడు పుట్టగానే, వీడైనా దక్కాలని, మా వైపు చేసే పని ఒకటి చేసింది. పిల్లలు నిలవని తల్లి పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తుంది. ఇంకొకావిడ వచ్చి, ఈ బిడ్డ నాకు దొరికాడని ఎత్తుకుని, తల్లికి చేటెడు నూకలిచ్చి కొనుక్కుంటుంది. అప్పుడు చావు వచ్చి వెతికినా, వీడు ఈ తల్లి బిడ్డ కాదులే అని తిరిగిపోతుందట. బిడ్డని కొన్నది మా అమ్మ. నిండు గర్భిణి, వంగలేక వంగి ఎత్తుకుందట. నూకలకి కొన్నారు కాబట్టి వాడికి నూకరాజు అని పేరు పెట్టారు. పెంచుకోమని తిరిగి అత్తకే ఇచ్చేసింది అమ్మ. అప్పుడు అత్త, అమ్మ కడుపు మీద చెయ్యి వేసి అందట: "ఈడు నీవోడు. ఇందులో ఉన్నది నాది. సెల్లుకి సెల్లు."

ఆ ఉన్నది నేను. మూడు నెలలకి పుట్టాను. కాన్పు కష్టమై అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పుట్టాను కాబట్టి నా ఎడమ జబ్బ మీద క్షయ రాకుండా వేసే బీసీజీ సూది అప్పుడే పడింది. నా మొదటి మచ్చ అది. బావ ఇంట్లో పుట్టాడు. వాడి జబ్బ నున్నగా ఉండేది.

మాకు నాలుగేళ్లు వచ్చేసరికి లైన్లలోకి నర్సమ్మ రావడం మొదలైంది. ఒక చేతిలో ఐసు పెట్టె, ఒక చేతిలో కార్డుల కట్ట. పెద్ద లైను చివరి అరుగు మీద స్టవ్వు వెలిగించి, గిన్నెలో సూదులు మరిగించేది. మా తల్లులకి ఆవిణ్ణి చూస్తే వణుకు. అప్పుడప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల హడావిడి ఒకటి అయి, ఊళ్లో మొగాళ్లందరూ దాక్కుని బయటపడ్డారు. సూదంటే పిల్లలు పుట్టకుండా చేసే సూదేనని సగంమంది నమ్మకం. చేతి మీద ఒక్క మచ్చ పడితే ఇంక ఏ రోగమూ రాదు, మళ్లీ ఎందుకని కొందరు. సూది వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని కొందరు. మొదటి సూదికి జ్వరం వచ్చిందని రెండోదానికి రానివాళ్లు మరీ ఎక్కువమంది. వీళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కాదు. బియ్యంలో రాయిని చూపుతో ఏరేవాళ్లు. చూపుకి అందనిదాన్ని ఎలా ఏరతారు?

మా మావయ్య మాత్రం సూది వేయించాల్సిందేనన్నాడు. తనతో పనిచేసే కళాసీ కొడుకు కంఠసర్పితో గొంతు మూసుకుపోయి పోవడం కళ్లారా చూశాడు. "కార్డు నిండా ముద్రలు పడాల. పడకపోతే నువ్వు నీ పుట్టింటికి ఎల్లిపో" అని అత్తకి తేల్చి చెప్పాడు. మావయ్య ఉత్తినే అనే మనిషి కాదు. కొట్టే మనిషి.

అప్పుడు అత్త నన్ను చూసింది.

అప్పన్న మొక్కుకి సింహాచలంలో నాకు గుండు చేయించి నెలైంది. బావ చొక్కా, బావ నిక్కరు తొడిగితే నేను మగపిల్లాణ్ణే. బావకంటే బొద్దుగా, మొద్దుగా ఉండేదాన్ని. అమ్మ చెరువు వైపు బట్టలుతకడానికి వెళ్లిన పూట అత్త నన్ను చంకనేసుకుని అరుగు దగ్గరికి తీసుకెళ్లింది. దారిలో వల్లె వేయించింది: "నీ పేరేటి? నూకరాజు. మల్లీ సెప్పు. నూకరాజు." నర్సమ్మ అడిగింది, నేను చెప్పాను. జబ్బ మీద పాత మచ్చ చూసి "ఇది వేశారేమ్మా ఇంతకుముందు?" అంటే, అత్త "అది కురుపమ్మా" అంది. కింద ఇంకోటి పడింది. తొడ మీద ఒకటి పడింది. నోట్లో చుక్కలు పడ్డాయి. తొడ పట్టుకుని నేను ఏడుస్తుంటే అత్త నా మొహంలోకి చూసి అంది: "ఏడు, ఏడు. బతికున్నోల్లే ఏడుస్తారు."

ఇంటికొచ్చాక ఒక జీడి ఇచ్చింది. అందులోనూ సగం కొరికి బావకి పెట్టింది. సూది నాకు, జీడి సగం వాడికి. తరవాత చుట్ట నోట్లోంచి తీసి ఎర్ర కొన నా నాలిక ముందు పెట్టింది. "ఎవులికైనా సెప్పినావంటే వాత ఎట్టేస్తాను." నేను చెప్పలేదు. ఇప్పటికీ చుట్ట వాసన తగిలితే నా నాలిక దానంతటదే లోపలికి పోతుంది.

కానీ జ్వరం దాగదు కదా. అమ్మ నా తొడ మీద గడ్డ చూసి, చేతి మీద పుండు చూసి గోల పెట్టింది. అత్త చెరుగుతున్న చేట ఆపలేదు.

"ఏటే మరదలా, ఆడు నీవోడు, ఇది నాది. పెంటకుప్ప కాడ నువ్వే కదా కొనుక్కున్నావు? నా కూతురికి నాను సూది పొడిపించుకున్నాను. నీకేటి?"

"వదినా, దీనికి ఆసుపత్రిలోనే ఏసేసినారు కదా. రెండుసార్లు ఏస్తే పిల్ల ఏటైపోతాది?"

"ఏటీ అవదు. ఆడగుంట. మొండిది."

మోసం చేస్తున్నానని ఆవిడ అనుకోలేదు. ఇది నాకు పెద్దయ్యాకే అర్థమైంది. చావుని పక్కింటికి పంపించే ఉపాయం ఒకసారి పనిచేసింది. బిడ్డ బతికాడు. సూదినీ అలాగే పక్కింటికి పంపించింది. ఆవిడ లెక్కలో ఈ రెండూ ఒకటే. రెండోనెలా, మూడోనెలా కూడా నేనే నూకరాజుని. అమ్మ ఏడ్చి ఊరుకుంది. ఆడపడుచు మాటకి ఎదురు చెప్పే ధైర్యం మా అమ్మకి ఎప్పుడూ లేదు. అమ్మని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

కార్డు నిండింది. మావయ్య పొంగిపోయాడు. అద్దం వేయించి, ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించాడు. లైన్లలో ఇంకెవరింట్లోనూ నిండిన కార్డు లేదు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అత్త ఆ గోడ వైపు చూసేది కాదు.

మరుసటి ఏడు వానాకాలంలో బావకి జ్వరం వచ్చింది. మూడు రోజులు కాసి తగ్గింది. నాలుగోనాడు పొద్దున్న మంచం దిగబోయి పడిపోయాడు. కుడికాలు తాడులా వేలాడింది. సబ్బవరం నుంచి ఒకడొచ్చి మంత్రం పెట్టాడు, ఇంకొకడు పావురం నెత్తురు రాశాడు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళితే పోలియో అన్నారు, కాలు ఇంక రాదన్నారు. తోలూ ఇనుపకమ్మీలూ ఉన్న బూటు ఒకటి ఇచ్చి పంపించారు. నేను కూడా ఊరుకున్నదాన్ని కాదు. అయిదేళ్ల పిల్లని. వాడి ముందు కావాలని పరుగెత్తి, వెనక్కి తిరిగి "రారా, రారా" అని పిలిచేదాన్ని. ఆ మాట రాయడానికి నాకు ఇవాళ చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. అత్తని ఒక్కదాన్నే చెడ్డదాన్ని చేసి నేను తప్పుకుంటే బాగుండదు.

కాలు పోయింది, గోడ మీద కార్డు ఉంది. మావయ్యకి పిచ్చి కోపం వచ్చింది. నమ్మి మోసపోయినవాడి కోపం అది. నర్సమ్మ మళ్లీ వచ్చిన రోజున ఆ ఫ్రేము తీసి రెండు చేతులతో పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

"సూడండి అందరూ. అన్ని ముద్దర్లూ ఉన్నాయా? ఇయన్నీ ఏయించినా నా కొడుకు కాలు పోయింది. ఇంకెవులైనా ఏయించుకుంటారా? ఏయించుకోండి!"

నర్సమ్మ ఏదో చెప్పబోయింది, ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు. స్టవ్వు ఆర్పుకుని, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. అంతకు ముందు వస్తున్న నలుగురైదుగురు తల్లులు కూడా మానేశారు. అదివరకు భయం ఒక్కటే ఉండేది, ఇప్పుడు అద్దాల ఫ్రేములో రుజువు కూడా ఉంది. అత్త తలుపు వెనక నిలబడి ఉంది. నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ నన్ను చూసింది. నోట్లో చుట్ట ఉంది, తీయలేదు. తీయక్కర్లేకపోయింది.

ఏడాది అలా గడిచింది. ఆ ఏడాదిలోనే స్టీలు ప్లాంటు పనులకని గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక జంట అత్త వాళ్ల అవతలి పక్కగదిలో దిగింది. ఆ అమ్మాయికి ఇరవై ఉంటాయేమో. ప్రతి మాటకీ "అండీ" తగిలించేది. మా లైన్లవాళ్లు నవ్వేవారు. తొలిచూలు ఆడపిల్ల, ఆరు నెలల పసిది. సూదులు ఎక్కడ వేస్తారండీ అని వచ్చిన వారంలోనే అడిగింది. మావయ్య ఆవిడకీ కార్డు చూపించాడు. అత్త ఆ పూటా అక్కడే ఉంది. బియ్యం చెరుగుతోంది.

పాపకి కోరింత దగ్గు పట్టుకుంది. అది మామూలు దగ్గు కాదు. దగ్గి దగ్గి, ఊపిరి అందక, చివర్లో కూత వేసినట్టు గాలి పీల్చేది. రెండు గదులకీ మధ్య ఒకే గోడ. పదహారు రోజులు అత్త గుమ్మంలో కూర్చుని ఆ దగ్గు విన్నది. చేటలో బియ్యం ఒకటికి నాలుగుసార్లు చెరిగింది. రాళ్లు లేని బియ్యంలో రాళ్లు వెతికింది. మా అమ్మ ఒకసారి దగ్గరికెళ్లి గొంతు తగ్గించి, "వదినా, ఇప్పుడైనా సెప్పు" అంది. అత్త తల ఎత్తలేదు. "ఇప్పుడు సెప్తే ఏటి లాభం?" అంది. పదిహేడో రోజున దగ్గు ఆగిపోయింది.

తరవాత అయిదో రోజో ఆరో రోజో, కొళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. నీళ్లు ఇంకా రాలేదు. ఆ గోదావరి అమ్మాయి కూడా వచ్చింది. ఆడవాళ్లు బిందెలు పక్కకి జరుపుకున్నారు. ఆవిడే అత్త దగ్గరికి వచ్చింది. బావ కమ్మీల బూటు వేసుకుని అత్త పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను.

"పిన్నిగారూ," అంది ఆ అమ్మాయి. "ఒక్క మాట చెప్పండి. మా పాపకి సూదులు వేయించినా ఇంతే అయ్యేది కదండీ? మీ బాబుకి అన్నీ వేయించారు, అయినా కాలు పోయింది కదండీ? వేయించినా పోయేదే కదండీ?"

ఆవిడకి కావలసింది ఒక్క "అవును". ఆ ఒక్క మాట పట్టుకుని ఇంక బతికేస్తుంది. పాపం, అడగడమే చేతులు జోడించినట్టు అడిగింది. లైన్లో ఏ ఆడదైనా అవునమ్మా, రాత, అని వీపు నిమిరేది. మా అత్త చుట్ట తీసి కొళాయి గట్టు మీద ఆర్పింది. సగం కాలిన చుట్ట ఆవిడ ఆర్పడం నేను అదే మొదటిసారి చూడటం.

"బతికేది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అత్త నా చెయ్యి పట్టి ముందుకి లాగి, గౌను చెయ్యి జబ్బ మీదికి ఎగదోసింది.

"ఇదిగో, ఇక్కడ రెండు మచ్చలు. ఒకటి దీనిది, ఒకటి నా కొడుకుది. ఆడి సూదులన్నీ ఈ గుంటకి పొడిపించినాను నాను. ఆడికి ఒక్కటీ పడనేదు. ఒక్క సుక్కా పడనేదు. కార్డు అబద్దం. నీ గుంటకి ఏయించి ఉంటే బతికేది."

ఆ అమ్మాయి వంగి నా జబ్బ మీది రెండు మచ్చలూ చూసింది. తరవాత ఖాళీ బిందె ఎత్తుకుని, "ఈ మాట మీరు నాకు చెప్పకుండా ఉండాల్సిందండీ" అని వెళ్లిపోయింది. ఆ కోపంలోనూ అండీ మానలేదు. నెల తిరక్కుండా వాళ్లు గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు.

ఆ మాట చెప్పాలా, వద్దా? నేను ఇన్నేళ్లుగా అటూ ఇటూ ఆలోచించాను. చెప్పకపోతే ఆ పిల్ల మనసు కుదుటపడేది, మిగతా పిల్లలు పోయేవారు. చెప్పడమే రైటనుకుంటాను. కానీ ఏడాది ముందు చెప్పాల్సిన మాట అది. ఆలస్యంగా చెప్పిన నిజాన్ని మెచ్చుకోవడం నావల్ల కాదు.

ఆ సాయంత్రం మావయ్య డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికే లైనంతా పాకిపోయింది. ఫ్రేము మేకు నుంచి తీసి అత్త మొహం మీదికి విసిరాడు. అద్దం పగిలి కనుబొమ పైన చీరింది. అడ్డుపడబోయిన మా నాన్నని అత్తే తోసేసింది. "కొట్టనీరా. నాకు పడాల," అంది. నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకోకుండా కిందపడ్డ గాజుపెంకులు ఏరింది, కొడుకు కాళ్లకి గుచ్చుకుంటాయని.

ఆ కొడుకు అక్కడ లేడు. బూటు ఈడ్చుకుంటూ, తన కంచం తను పట్టుకుని మా ఇంట్లోకి వచ్చాడు. మా వంట గట్టు దగ్గర చతికిలబడి, మా అమ్మతో అన్నాడు: "అమ్మా, అన్నం ఎట్టు."

మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అంతవరకూ వాడు ఆవిణ్ణి అత్త అనేవాడు. ఆరేళ్లవాడు. కొళాయి దగ్గర ప్రతి ముక్కా విన్నాడు. పెంటకుప్ప కథ, నూకల కథ వాడికి పుట్టినప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. పడుకోవడానికి వాళ్లింటికే వెళ్లాడు. గుమ్మంలో అత్త తలకి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. "అత్తా, తప్పుకో" అన్నాడు. ఆవిడ వాణ్ణి కిందా మీదా చూసి తప్పుకుంది. "అలాగే పిలు. తప్పేటి? అమ్మీసినాను కదా," అంది. మళ్లీ ఎప్పుడూ ఆ ఇంట్లో ఆ పిలుపు మారలేదు.

పోనీ అక్కడితో మెత్తబడిందా అంటే అదీ లేదు. నర్సమ్మ మళ్లీ రావడం మొదలుపెట్టాక, అరుగు దగ్గరికి తల్లులని తోలుకొచ్చే పని అత్త నెత్తిన వేసుకుంది. తోలుకొచ్చేది అనే మాటే సరైనది. ఇంటింటికీ వెళ్లేది. దాక్కున్నవాళ్లని మంచం కింద నుంచి లాగేది. జ్వరం వస్తుందంటే "సావు రాదు కదా" అనేది. మొదటిది వేయించి రెండోదానికి ఎగ్గొట్టినవాళ్ల పేర్లన్నీ ఆవిడకి నోటికొచ్చు. చదువు రాదు, కార్డు నమ్మదు. బిడ్డ జబ్బ పట్టుకుని వేలితో తడిమి మచ్చ ఉందో లేదో చూసేది.

మాట వినని తల్లి ఎదురైతే ఇంకో పని చేసేది. బావనీ నన్నూ పిలిచేది. నన్ను చెయ్యి చూపించమనేది. వాణ్ణి నిక్కరు పైకి లాగి కాలు చూపించమనేది.

"సూడు. ఇది ఏయించుకున్న సెయ్యి. అది ఏయించుకోని కాలు. నీకేది కావాల?"

మాకు పది, పదకొండేళ్లు వచ్చేదాకా అలా నిలబడ్డాం. జబ్బ చూపించడానికే నాకు సిగ్గుగా ఉండేది. ఎండిపోయిన కాలు చూపించడానికి వాడికి ఎలా ఉండేదో నేను ఎప్పుడూ అడగలేదు. వాడు తల గోడ వైపు తిప్పుకుని చూపించేవాడు. "అత్తా, అయిందా?" అనేవాడు. "ఆగు, ఈవిడ ఇంకా సూడనేదు" అనేది. కన్నకొడుకుని అలా వీధిలో నిలబెట్టడానికి ఎంత రాయి మనసుండాలో మీరే చెప్పండి. అలా నిలబెట్టినందుకు మా లైన్లలో ఆ తరవాత ఇంకొక బిడ్డకి కాలు పోలేదు. ఈ రెండూ నిజమే. ఒకదాంతో ఇంకొకటి చెరిగిపోదు.

మేనరికం కదా, మా ఇద్దరికీ పెళ్లి చేయాలని పెద్దవాళ్ల మాట ఉండేది. అత్తే తుంచేసింది. "సూదులన్నీ దీనికే పొడిపించినాను. ఇప్పుడు ఆ కాలు కూడా దీని సేతే మోయించనా?" అంది. నా మీద ఆవిడకి ప్రేమ ఉందని అనుమానం వచ్చింది ఆ ఒక్క రోజునే. ఆ మర్నాడే, చింతపండు ఎక్కువేశానని ఒక మొట్టికాయ వేసి ఆ అనుమానం కూడా తీర్చేసింది.

బావ చదువుకుని పోర్టు గేటు దగ్గర లారీలు తూచే కాటా గుమాస్తా అయ్యాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ పిల్లల్ని ప్రతి సూదికీ అత్తే ఎత్తుకెళ్లింది. ఏడిస్తే అదే మాట: "ఏడు, ఏడు. బతికున్నోల్లే ఏడుస్తారు." తిరిగొచ్చేసరికి బావ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉండేవాడు. అత్త కార్డు చాచేది. అతను తీసుకునేవాడు కాదు. "కార్డొద్దు. ఒల్లు సూపించు" అనేవాడు. ఆవిడ పసివాడి తొడ మీద గుడ్డ తీసి సూది పడిన చోటు చూపించేది. ఒకప్పుడు నన్నూ వాణ్ణీ నిలబెట్టి చూపించిన మనిషి, తన కొడుకు ముందు అలా నిలబడి చూపించేది. అతను వంగి చూసి, తడిమి, సరే అనేవాడు. నేనున్నప్పుడే రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ నేను మొహం తిప్పుకున్నాను.

ముసలితనంలో అత్త చుట్ట మానేసింది, తిట్లు మానలేదు. నేను వెళ్లినప్పుడల్లా నా జాకెట్టు చెయ్యి పైకి తోసి ఆ రెండు మచ్చలూ తడిమేది. చివరి ఏళ్లలో కళ్లు కనపడేవి కావు. వేలితో పైది ముట్టుకుని "ఇది నీది" అనేది, కింది దాని దగ్గర వేలు ఆపేసేది. ఆ పేరు పలికేది కాదు. నేనూ పలకలేదు. బియ్యం చెరిగిన ఆ చేట చివరిదాకా మంచం కిందే పెట్టుకుంది.

ఆ మంగళవారం నేను వెళ్లేసరికి పాడె కట్టేశారు. మాలో ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లరు గానీ దింపుడు కళ్లం దాకా వెళ్లొచ్చు. దారి మధ్యలో పాడె దింపి, పోయినవాళ్ల చెవి దగ్గర కొడుకు వంగి మూడుసార్లు పిలవాలి. ఏ మూలనైనా ప్రాణం ఉంటే లేస్తారని ఆశ. లారీలు వెళ్లే ఎర్రమట్టి రోడ్డు పక్కన దింపారు. "కొడుకు రావాలి, పిలవాలి" అన్నాడు పెద్దమనిషి.

బావ కర్ర పట్టుకుని ముందుకి వచ్చాడు. ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాడు. కనుబొమ మీద ఆ పాత గాటు తెల్లగా కనపడుతోంది. ఎంతసేపటికీ వంగలేదు. జనం గుసగుసలాడుతున్నారు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నువ్వు పిలు," అన్నాడు.

"నేనేంటి బావా, కొడుకువి నువ్వు కదా."

"నా బదులు అన్నీ నువ్వే కదా. ఇదీ నువ్వే పిలు."

అతని గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వాడుక లేని మాట, నోట్లోకి రావడం లేదు అతనికి. నేను మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. చల్లటి చెవి దగ్గర నోరు పెట్టాను. నేను పిలిచే పిలుపైతే అత్తా అనాలి. కానీ ఇది నా పిలుపు కాదు.

"అమ్మా," అన్నాను.

రెండోసారి పిలిచాను. నా వెనక కర్ర కింద పడిన చప్పుడైంది. పడిపోతాడేమోనని నేను తిరిగేలోపే, ఆసరాకి నా ఎడమ జబ్బ గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారి పిలిచేసరికి అతను ఏడుస్తున్నాడు. ఆరేళ్లప్పుడు ఏడవాల్సిన ఏడుపు అది.

"ఏడు, ఏడు," అన్నాను, ఆవిడలాగే. మిగతాది అనలేకపోయాను.

పాడె ఎత్తారు, నడిచారు. మేమిద్దరం కాసేపు ఆ రోడ్డు పక్కనే ఉండిపోయాం. అతను నా జబ్బ వదల్లేదు. రెండు మచ్చలూ అతని అరచేతి కిందే ఉన్నాయి.